నాలుగు వందల పదిహేడు గారి ఫలితం

చదివేవారు ముందుగా నన్ను మన్నించాలి. నేను అక్షరాలు నేర్చుకున్నది యాభై తొమ్మిదో ఏట, మా ఆయన పోయాక. ఒత్తు ఒకచోట పెట్టబోయి మరోచోట పెడతాను. అక్షరం పొట్టలో చుక్క ఎక్కడ ఉండాలో, ఎక్కడ ఉండకూడదో నాకు ఇప్పటికీ అనుమానమే. ఒక పేజీ రాయడానికి ఒక పూట పడుతుంది. అందుకని ఈ కథలో నా అంతట నేను అనవసరమైన మాట ఒక్కటీ రాయలేదు. అలాంటివి కనిపిస్తే అవి ఆఫీసర్ల మాటలని గ్రహించాలి.

ముత్యాల్రావుకి మెడ మీద చెమటకాయలు వచ్చాయి.

వైశాఖ మాసం. పూలకుదురులో ఆ వారం చెమటకాయలు రాని మెడ లేదు. కాకపోతే మిగతా ఊరంతా పౌడరు రాసుకుని ఊరుకుంది. ముత్యాల్రావు మాత్రం అద్దం ముందు నిలబడి వాటిని లెక్కపెట్టాడు. పొద్దున పదకొండు, మధ్యాహ్నానికి పంతొమ్మిది. లెక్కపెట్టడానికి కారణం ఉంది. ఫిబ్రవరిలో మోటారు కంపెనీ వాళ్లు, ముత్యాల్రావులా కాలిన మోటార్లకి మళ్లీ తీగ చుట్టే వైండింగ్ పనివాళ్లకి విజయవాడలో మూడు రోజులు శిక్షణ పెట్టారు. రెండో రోజు సాయంత్రం లాడ్జిలో ఒకామె పరిచయమైంది. ముత్యాల్రావుకి ముప్పై మూడేళ్లు, పెళ్లి కాలేదు. జరిగింది జరిగింది. తొడుగు వాడాడు. పనివాడు కాబట్టి వాడేముందు ఒకసారి, వాడాక ఒకసారి చూసుకున్నాడు కూడా. ఎక్కడా చిరగలేదు.

ఆ సంగతి అక్కడితో మరిచిపోయేవాడే. ఉగాది నాడు వీరవేణి మాట్లాడింది.

వీరవేణిది పెద్దాసుపత్రి గేటు ఎదురుగా జిరాక్సు షాపు. మొదటి పెళ్లి ఏడాది తిరక్కుండానే తెగిపోయి, అన్నగారి దగ్గర ఉంటూ తన కాళ్ల మీద తాను నిలబడ్డ మనిషి. ముత్యాల్రావు మోటారు గ్యారంటీ కార్డు జిరాక్సు తీసి చేతికిస్తూ, "ముత్యాల్రావు గారూ, నాకు ముప్పై వచ్చేయి. మీ మీద నాకు మంచి అభిప్రాయం ఉంది. మీకూ ఉంటే ఆషాఢం రాకముందే చెప్పండి. లేదంటారా, మా అన్నయ్య తెచ్చిన చింతలపూడి సంబంధానికి ఊ అనేత్తాను. ఇంకో కాపీ కావాలాండీ?" అంది.

ముత్యాల్రావు ఆ రోజు అక్కర్లేని కాపీలు ఆరు తీయించుకున్నాడు. మాట మాత్రం పెగల్లేదు. రేపు చెబుదాం, ఎల్లుండి చెబుదాం అనుకుంటూ ఉండగా చెమటకాయలు వచ్చాయి.

సెల్లులో అడిగాడు. మెడ మీద ఎర్రటి పొక్కులు అంటే సెల్లు పది జబ్బులు చెప్పింది. తొమ్మిదింటిని ముత్యాల్రావు పట్టించుకోలేదు. పదోదానికి ఇంకేం లక్షణాలు ఉంటాయని అడిగాడు. గొంతు నొప్పి ఉంటుందంది. ఐసు నీళ్లు తాగి తాగి అతనికి గొంతు నొప్పి ఉంది. చెమట పడుతుందంది, కరెంటు పోయినప్పుడల్లా పడుతోంది. జ్వరం ఉంటుందంది. వార్నిష్ పూసిన మోటార్లను ఆరబెట్టే వేడి పెట్టె పక్కన కూర్చుని చంకలో ధర్మామీటరు పెట్టుకుంటే నూటొకటి చూపించింది. ఇక అనుమానం లేదు.

ఉంటే ఆమెకి వద్దని చెప్పాలి. లేకపోతే సరేనని చెప్పాలి. ఏదీ తెలియకుండా ఆమె ముందు నిలబడకూడదు. ముత్యాల్రావు పచ్చ తువ్వాలు మొహానికి చుట్టుకుని, జిరాక్సు షాపు వైపు చూడకుండా, దెబ్బతిన్న ఎడం కాలు కొంచెం ఈడ్చుకుంటూ గోడవారగా నడిచి, పెద్దాసుపత్రి వెనక ఉన్న రహస్య పరీక్షా కేంద్రానికి వెళ్లాడు.

ఇక్కడ ఆ ఆసుపత్రి గురించి కొంచెం చెప్పాలి. ముందటేడు ఆ కేంద్రంలో పాత కాయితాలు అమ్మేస్తే, అవి బజ్జీల బండికి చేరాయి. ఊళ్లో ఒక పెద్దమనిషికి తన ఫలితం మిరపకాయ బజ్జీ చుట్టి వచ్చింది. బండి దగ్గర ఉన్నవాళ్లంతా చదివాకే ఆయన చదివాడు. పెద్ద గొడవ అయింది. దాంతో పైవారు గోప్యతాధికారి అనే కొత్త ఉద్యోగం సృష్టించి, త్రివిక్రమరావు గారిని పంపారు. ఆయన రాగానే ఇరవై రెండు నిబంధనలు రాసి గోడకు కట్టించారు. మంచి కోసం వచ్చిన మనిషే. ఆ మంచిని ఎక్కడ ఆపాలో ఆయనకు ఎవరూ చెప్పలేదు.

లోపల కౌన్సెలరు సుగుణకుమారి ఉంది. తీరుగా మాట్లాడే మనిషి.

"తొడుగు వాడేరా?"

"వాడేనండి."

"చిరగడం, జారడం?"

"లేదండి. రెండుసార్లు చూసుకున్నానండి."

"మరింకెందుకండీ భయం! అవి చెమటకాయలండి. ఇవిగో నాకూ ఉన్నాయి. అయినా మూడు నెలలు దాటింది కాబట్టి ఓసారి రక్తం చూసేద్దాం, మీ మనసు కుదుటపడతాది. అరగంటలో తెలిసిపోద్ది."

ముత్యాల్రావుకి ప్రాణం లేచి వచ్చింది. తువ్వాలు తీసి మొహం తుడుచుకున్నాడు.

సుగుణకుమారి ఒక్కసారి గోడ వైపు చూసి గొంతు తగ్గించింది. "ఒక్క మాటండి. మీ పేరు మాత్రం నాకు చెప్పకండి."

"అదేంటండీ, నేను ముత్యాల్రావునండి. మొన్న మీ ఇంట్లో బోరు మోటారు..."

"అయ్యో! చెప్పకండి అంటే చెప్పేత్తారేంటండీ!" అని ఆమె రెండు చెవులూ మూసుకుంది. తరవాత అతని చెవి దగ్గరికి వంగి, "మీ నంబరు నాలుగు వందల పదిహేడు. కాయితమ్మీద రాయకూడదు. ఎవరికీ చెప్పకూడదు. గుర్తెట్టుకోండి" అంది.

రక్తం తీశారు. ముత్యాల్రావు బయటి బల్ల మీద కూర్చుని నంబరు వల్లె వేసుకున్నాడు. అతను గుమ్మం దాటగానే సుగుణకుమారి మరుపు రిజిస్టరు తీసి, 'ఇంతకుముందు నేను చూసిన వ్యక్తిని నేను చూడలేదు' అని రాసి సంతకం పెట్టింది. మనిషికొక సంతకం. అది ఏడో నిబంధన.

అరగంటకి ఆమె బయటికి వచ్చింది. మొహంలో ఏమీ లేదు. ఫలితం మొహంలో కనపడకుండా ఉండేందుకు సిబ్బందికి రెండు రోజులు శిక్షణ ఇచ్చారు. సుగుణకుమారికి అందులో మొదటి బహుమతి.

"వచ్చిందాండీ?"

"వచ్చిందండి."

"ఏంటండీ?"

"గోప్యమండి."

"నాక్కూడానా?"

"మీరెవరండీ?"

ముత్యాల్రావు చుట్టూ చూసి, "నాలుగు వందల పదిహేడండి" అన్నాడు.

"ఆ నంబరు మీరేనని నాకేంటండీ రుజువు?"

"మీరే కదండీ ఇందాక నా చెవిలో చెప్పేరు!"

"ఎవరి చెవిలో చెప్పేనో నేను గుర్తెట్టుకోకూడదండి. సంతకం కూడా పెట్టేశాను." ఆమె మొహం శిక్షణ ప్రకారమే ఉంది కానీ కళ్లు మాత్రం పాపం అన్నట్టున్నాయి. "ఆఫీసరు గారిని కలవండి. వెళ్లేముందు, మా మోటారు మళ్లీ గుర్రుమంటోందండి, ఓసారి వచ్చి చూద్దురూ."

ముత్యాల్రావు దుకాణంలో ఒక బల్బుకు రెండు తీగలు కట్టి ఉంటాయి. మోటారు బాగుందో లేదో తెలియాలంటే ఆ తీగలు తగిలిస్తారు. వెలిగితే ఒక మాట, వెలగకపోతే ఒక మాట. బల్బు ఎప్పుడూ నువ్వెవరు అని అడగలేదు. అందుకని అతనికి ఇదంతా ఏమిటో అర్థం కాలేదు. ఆఫీసరు గారికి చెబితే అయిపోతుందనుకున్నాడు.

త్రివిక్రమరావు గారు అతన్ని కూర్చోబెట్టి మంచినీళ్లు తెప్పించారు.

"చూడండి. సదరు నాలుగు వందల పదిహేడు అను వ్యక్తి యొక్క ఆంతరంగికతను పరిరక్షించుట మా ప్రథమ కర్తవ్యము. ఆ వ్యక్తి ఫలితమును తెలిసికొనగోరి అన్యులు రావచ్చును."

"అన్యుణ్ణి కాదండి. నేనేనండి ఆ వ్యక్తిని."

"అన్యులును అట్లే చెప్పుదురు."

"ఇప్పటిదాకా ఎవరైనా అలా వచ్చేరాండీ?"

"మీరు వచ్చితిరి కదా."

ముత్యాల్రావు నీళ్లు తాగాడు. ఆయన సొరుగు తీసి ఒక దరఖాస్తు ఇచ్చారు. పేరు అన్నచోట 'వ్రాయరాదు' అని అచ్చు వేసి ఉంది. తండ్రి పేరు, వ్రాయరాదు. చిరునామా, వ్రాయరాదు. సంతకం, గుర్తుపట్టు విధముగా చేయరాదు. ముఖము కనబడని పాస్‌పోర్టు సైజు ఫోటోలు మూడు అంటించి, మూడు ప్రతులు దాఖలు చేయాలి. చివర ఒక హామీపత్రం: ఈ ఫలితం అందేవరకు ఇంకెక్కడా ఈ పరీక్ష చేయించుకోను అని.

"ఇదెందుకండీ?"

"ఒకే రహస్యము రెండు చోట్ల ఉన్నచో అది రహస్యము కానేరదు."

ముత్యాల్రావు హామీపత్రం కింద 'నాలుగు వందల పదిహేడు' అని, తన రాత కాకుండా ఎడమ చేత్తో రాశాడు. త్రివిక్రమరావు గారు మెచ్చుకున్నారు.

ఫోటో స్టూడియోలో తువ్వాలు చుట్టుకుని కూర్చుంటే ఫోటోగ్రాఫరు పద్ధతిగా లైట్లు సర్దాడు. "గడ్డం కొంచెం పైకండి. ఎడం పక్క తువ్వాలు వదులైంది. ఆఁ. నవ్వండి."

"తువ్వాల్లో నవ్వితే ఏంటి, ఏడిస్తే ఏంటండీ?"

"ఫోటోలో తెలుస్తాదండి బాబూ. ఆసుపత్రి పనేగా? వచ్చేత్తాదిలెండి. ఈ నెల్లో మీరు నాలుగోవారు."

జిరాక్సుల కోసం వీరవేణి షాపుకి వెళ్లలేడు కాబట్టి బండి మీద ఏడు కిలోమీటర్లు వెళ్లి కొత్తలంకలో తీయించుకున్నాడు. ఆ షాపు ముసలాయన దరఖాస్తు అటూ ఇటూ తిప్పి, "ఏవీ రాయని కాయితానికి మూడు కాపీలు ఎందుకండీ? అయినా ఆసుపత్రికి ఎదురుగానే వీరవేణి గారి షాపుండగా ఇంత దూరం వచ్చేరేంటి? ఆవిడతో ఏవన్నా మాటపట్టింపా?" అన్నాడు.

దరఖాస్తు వారం రోజులు పరిశీలనలో ఉంది. వారం తరవాత త్రివిక్రమరావు గారు ముత్యాల్రావుని పిలిచారు. పిలవడం అంటే పేరు పెట్టి పిలవరు కదా. ఆసుపత్రి నోటీసు బోర్డులో ఒక ప్రకటన అంటించారు: 'నాలుగు వందల పదిహేడు నంబరు గల వ్యక్తి అని చెప్పుకొనుచున్న వ్యక్తి హాజరు కావలెను. ఇతను ఎవరో తెలిసినవారు ఎవరికిని తెలుపరాదు.'

అది చదవగానే ఊరంతా ఎవరా అని వెతకడం మొదలుపెట్టింది. గోడవారగా తువ్వాలు చుట్టుకుని కుంటుతూ నడిచేవాడు ఊళ్లో ఒక్కడే. మధ్యాహ్నానికి తెలిసిపోయింది.

"దరఖాస్తు సక్రమముగా ఉన్నది" అన్నారు త్రివిక్రమరావు గారు. "ఇక గోప్యతా సంఘము ముందు ముగ్గురు సాక్షులు కావలెను. ఆనాడు మీరు ఇచ్చటికి రహస్యముగా వచ్చుటను కన్నులారా చూచినవారు."

"రహస్యంగా వస్తే ఎవరు చూత్తారండీ?"

"అందులకే ముగ్గురు చాలునని సడలించితిమి. మొదట అయిదుగురు ఉండెడివారు."

ముత్యాల్రావు టీకొట్టు బూరయ్య దగ్గరికి వెళ్లి నసిగాడు. బూరయ్య టీ కలుపుతూనే, "నేను చూశాను కదా బావా, మూడుసార్లు. చెబుతాలే, దానికేం. ఇంతకీ ఏదైనా తేలిందా?" అన్నాడు. బల్ల మీద కూర్చున్న నలుగురూ తలలు ఎత్తారు. వాళ్లు ఎగతాళి చేసినా బాగుండేది. జాలి చూపించారు. ఒకాయన టీ ఇప్పించి, దాంట్లోకి బిస్కట్టు కూడా పెట్టాడు. బస్టాండులో ముక్కూ మొహం తెలియనివాళ్లు, "ఇంకా చెప్పలేదా బాబూ? చెప్తారులే, ధైర్యంగా ఉండు" అనసాగారు. ఎవరూ చెప్పే ధైర్యం చేయని వీరవేణికి తప్ప ఊళ్లో ప్రతివాళ్లకీ అన్నీ తెలుసు. ముత్యాల్రావుకి ఒక్కటి తెలియదు. ఆసుపత్రి కాపాడుతున్నది ఆ ఒక్కదాన్నే.

జ్యేష్ఠం సగం అయింది. చింతలపూడి వాళ్లు ఒకసారి వచ్చి చూసి వెళ్లారని బూరయ్య చెప్పాడు. ముత్యాల్రావు అద్దంలో మెడ చూసుకోవడం మానేశాడు. చెమటకాయలు తగ్గిపోయాయి. తగ్గడం కూడా ఒక లక్షణమేనని సెల్లు చెప్పింది.

సంఘం సమావేశం రోజున హాల్లో ముగ్గురు పెద్దలు, మధ్యలో త్రివిక్రమరావు గారు. ఎదురుగా కుర్చీలో ముత్యాల్రావు, నిబంధన ప్రకారం తువ్వాలుతో. వెనక గోడ మీద బారెడు బ్యానరు: 'ఎయిడ్సు పరీక్షల గోప్యతా పరిరక్షణ సంఘము, రహస్య సమావేశము. అందరికీ స్వాగతం.'

మొదట బూరయ్య.

"ఆనాడు సదరు వ్యక్తిని చూచితిరా?"

"చూశానండి. పచ్చ తువ్వాలండి, గోడవారగా."

"ఆ వ్యక్తి ఇతడేనా?"

"ఇతనేనండి. మా ముత్యాల్రావు."

"అనగా మీరు గుర్తుపట్టితిరి."

"పట్టేనండి. నాకు తెలీదాండీ!"

త్రివిక్రమరావు గారు పక్కనున్న వారికేసి తల పంకించి రాసుకున్నారు. "నాలుగు వందల పదిహేడు రహస్యముగా వచ్చినట్లు మా రికార్డు. ఇతడిని గుర్తుపట్టిరి కావున ఇతడు రహస్యముగా రాలేదు. కావున ఇతడు నాలుగు వందల పదిహేడు కాడు. తరువాత."

గేటు కాపలా సత్తిబాబు ఇదంతా గుమ్మంలోంచి విన్నాడు. తెలివిగలవాడు. "నేను చూశానండి, కానీ గుర్తుపట్టలేదండి" అన్నాడు.

"గుర్తుపట్టనిచో, వచ్చినది ఇతడేనని ఎట్లు చెప్పగలరు?"

సత్తిబాబు చాలాసేపు ఆలోచించి, "చెప్పలేనండి" అన్నాడు.

"సాక్ష్యము చెల్లదు. మూడవవారు?"

మూడోవాడు ఫోటోగ్రాఫరు. పెళ్లి ఫోటోలకి పోయి రాలేదు. సమావేశం ఆగిపోతుందని సత్తిబాబు కంగారుపడి, రోడ్డు దాటి, ఎదురు షాపులో ఉన్న మనిషిని పిలుచుకొచ్చాడు.

వీరవేణి చేతికున్న నల్ల పొడి తుడుచుకుంటూ లోపలికి వచ్చింది. "త్వరగా అడగండి. మిషను ఆన్‌లో వదిలేసొచ్చాను."

ముత్యాల్రావు తువ్వాలు ఇంకా బిగించుకున్నాడు.

"ఈ వ్యక్తి ఇచ్చటికి వచ్చుట చూచితిరా?"

ఆమె కుర్చీలో మనిషిని చూసింది. కాళ్లు చూసింది. "చూడకేమండి. ఎడం కాలు కొంచెం ఈడుస్తారు. పోయినేడు మోటారు కాలి మీద పడ్డప్పుడు ఆటో పిలిచింది నేనే. నెల్రోజుల నుంచి నా షాపు ముందు నుంచే, నా వైపు చూడకుండా, గోడ వైపు చూసుకుంటా పోతున్నారు. నా మీద కోపమేమో అనుకున్నాను." అప్పుడు తల ఎత్తి బ్యానరు చదివింది. మొదటి మాట దగ్గరే ఆగింది.

"దీనికాండీ?" అంది.

"విషయమును సాక్షికి తెలుపరాదు" అన్నారు త్రివిక్రమరావు గారు, బ్యానరు కింద కూర్చుని. "గుర్తుపట్టితిరి కావున మీ సాక్ష్యము కూడ చెల్లదు."

వీరవేణి కదల్లేదు. "మరి ఈయన ఫలితం ఈయనకి చెప్పరా? ఇంకెవరికి చెప్తారండీ?"

ఆయన పుస్తకం తిరగేశారు. "పదకొండవ నిబంధన. జీవిత భాగస్వామికి తెలుపవచ్చును. వివాహ ధ్రువపత్రము జతపరచినచో."

ముత్యాల్రావు తువ్వాలు లాగి పారేశాడు. "బాబూ! పెళ్లి చేసుకోవచ్చా లేదా అని తెలియడానికే కదండీ నేను తిరుగుతున్నది!"

"ముందుగా వివాహము చేసికొనుడు. చేసికొనవచ్చునో లేదో తదుపరి తెలియును" అని ఆయన సమావేశం ముగించారు. పెద్దలంతా టీ తాగారు. తీర్మానం సీల్డు కవర్లో పెట్టి, దాని నకలు నోటీసు బోర్డుకి పంపారు.

సైకిల్ స్టాండు నీడలో వీరవేణి చేతులు కట్టుకుని నిలబడింది.

"చెప్పండి. ఎప్పుడు?"

"ఫిబ్రవరిలోనండి. విజయవాడలో. మీరు ఉగాదికి కదండీ అడిగింది. అంతకుముందండి."

"తారీకులు లెక్క కట్టుకుని పాపాలు చేసేవారన్నమాట. తొడుగు?"

"వాడేనండి. ఒట్టు. రెండుసార్లు చూసుకున్నానండి."

"మరింకేంటండీ ఈ నెల్రోజుల భాగోతం?"

"చెమటకాయలు వచ్చేయండి."

ఆమె చీర కొంగు కొంచెం పక్కకి లాగి తన మెడ చూపించింది. మెడంతా ఎర్రగా పేలి ఉంది. "మిషను వేడికి. నేనూ తువ్వాలు కట్టుకోమంటారా?"

ముత్యాల్రావుకి నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. "ఉంటే మీకు వద్దని చెప్పేద్దామని. లేకపోతే..."

"లేకపోతే?"

"లేకపోతే ఉగాది నాడే చెప్పాల్సిందండి."

"టీకొట్టు దగ్గర మీకు బిస్కట్లు పెట్టి ఓదారుస్తుంటే ఎందుకో అనుకున్నాను, వాళ్లందరికీ తెలుసన్నమాట. అడిగిన మనిషికి చెప్పలేకపోయేరు. మీరు నెల్రోజులు ఆ గోడకేసి చూసేరు చూడండి, నాకు కోపం దానికి. లాడ్జికి కాదు." ఆమె స్కూటీ తాళం తీసింది. "ఎక్కండి. పక్కూళ్లో ఇంకో ఆసుపత్రి ఉంది. అక్కడ చేయించుకుందాం."

"వల్లకాదండి. ఇంకెక్కడా చేయించుకోనని హామీపత్రం రాశానండి."

"ఎవరు రాశారు?"

"నాలుగు వందల పదిహేడు."

"మీరు ఆ నంబరు కాదని ఇప్పుడే ముగ్గురు పెద్దలు కూర్చుని తేల్చేరు కదా. ఎక్కండి."

ముత్యాల్రావు ఎక్కాడు. స్కూటీ మీద అరగంట ప్రయాణం. దారిలో ఆమె ఒక్క మాటా మాట్లాడలేదు. రావులమెరక వంతెన దగ్గర మాత్రం, "చింతలపూడి ఆయనకి అరెకరం కొబ్బరితోట ఉంది" అంది.

పక్క ఊరి ఆసుపత్రిలో ఒక పెద్దావిడ చిన్న గదిలో కూర్చోబెట్టి రక్తం తీసింది. అరగంట అయ్యాక పిలిచి తలుపు వేసింది. "ఈవిడ ఉండొచ్చా?" అని అడిగింది. ఉండొచ్చన్నాడు. "మీకు ఏమీ లేదు బాబూ. పరీక్ష సరైన సమయానికే చేశాం కాబట్టి అనుమానం పెట్టుకోకండి. ఇక మీదటా ఇలాగే జాగ్రత్తగా ఉండండి. వెళ్లిరండి."

ముత్యాల్రావు లేవలేదు.

"అంతేనాండీ?"

"అంతే."

"సంతకం?"

"అక్కర్లేదండి."

"సాక్షులెవరూ వద్దాండీ? ఫోటో తెచ్చుకున్నానండి, మొహం కనపడకుండా."

పెద్దావిడ వీరవేణి వైపు చూసింది. వీరవేణి అతని భుజం పట్టుకుని లేపింది. బయటికి వచ్చాక కూడా అతను ఆగి ఆగి వెనక్కి చూశాడు.

"ఇంత సులువుగా చెప్పేశారంటే ఎక్కడో తేడా ఉందండి. అసలు ఫలితమైతే చెప్తారాండీ?"

"మీకు జబ్బు లేదు ముత్యాల్రావు గారూ. ఆఫీసు అంటుకుంది" అంది వీరవేణి. "అదీ తగ్గుతుంది. ఆషాఢానికి ఇంకా తొమ్మిది రోజులుంది. నన్నడగాల్సింది అడుగుతారా, స్కూటీ వదిలేసి బస్సెక్కుతారా?"

అతను ఆసుపత్రి మెట్ల మీదే అడిగాడు. అడుగుతున్నప్పుడు గోడ వైపు చూడలేదు.

పెళ్లి ఎనిమిదో రోజున జరిగింది. ఊరంతా వచ్చింది. వచ్చినవాళ్లంతా పెళ్లికొడుకు చెవిలో, "తేలిందా బాబూ?" అని అడిగి, "ఏవీ లేదండి" అంటే సంతోషించి మరో లడ్డూ వేయించుకున్నారు. అదే నెలలో పెద్దాసుపత్రికి రాష్ట్రంలో ఉత్తమ గోప్యతా కేంద్రమని షీల్డు వచ్చింది. ఏడాదిలో రెండు వందల పరీక్షలు చేస్తే ఒక్క ఫలితం కూడా బయటికి పొక్కని కేంద్రం ఇంకెక్కడా లేదట. సుగుణకుమారి షీల్డు పట్టుకుని ఫోటో దిగింది. మొహంలో ఏమీ లేదు.

శ్రావణంలో వీరవేణికి నోటీసు వచ్చింది. జీవిత భాగస్వామి హోదాలో వివాహ ధ్రువపత్రంతో వచ్చి ఫలితం స్వీకరించవలసిందని.

"ఎందుకులే, తెలిసిందే కదా" అన్నాడు ముత్యాల్రావు. అన్నాడే కానీ రెండు రోజులు అన్నం సరిగా తినలేదు. మూడో రోజు, "పోనీ ఓసారి వెళ్లొచ్చేయ్ వేణీ. వాళ్లదాంట్లో ఏముందో" అన్నాడు.

వెళ్లింది. త్రివిక్రమరావు గారు స్వయంగా బీరువా తీశారు. అందులో ఇనప పెట్టె, పెట్టెలో సంచి, సంచిలో లక్క సీలు వేసిన కవరు. ముందుగా ఒక పత్రం మీద సంతకం చేయించుకున్నారు: ఇందలి విషయమును భర్తతో సహా ఎవరికిని తెలుపను అని. ఆమె సంతకం చేసి కవరు చింపింది. లోపల అచ్చు కాయితం. పేరు, వ్రాయరాదు. తండ్రి పేరు, వ్రాయరాదు. నంబరు, నాలుగు వందల పదిహేడు. ఫలితము అన్నచోట గుండ్రటి అక్షరాలతో 'గోప్యము' అని ఉంది.

వీరవేణి వెనక్కి తిప్పి చూసింది. వెనక ఏమీ లేదు. "ఫలితమేదండీ ఇందులో?"

"అందు వ్రాసినచో ఎవరైనను చదువు ప్రమాదము కలదు" అన్నారు త్రివిక్రమరావు గారు సంతృప్తిగా. "పరీక్షించిన వారికిని జ్ఞాపకము లేదు. ఆ మేరకు సంతకము చేసియున్నారు. ఈ రహస్యము ఇక ఎన్నటికిని భద్రము."

ఆమె నమస్కారం పెట్టి వచ్చేసింది. ఇంటి దగ్గర ముత్యాల్రావు గుమ్మంలోనే నిలబడి ఉన్నాడు. చేతిలో కాయిల్ తీగ, మెడ మీద వార్నిష్ మరక.

"ఇచ్చేరా?"

"ఇచ్చేరు."

"ఏం రాశారు?"

వీరవేణి కాయితం నాలుగు మడతలు పెట్టి జాకెట్టులో దోపుకుంది. "మీకు చెప్పకూడదని రాశారండి" అంది. ఒక్క అక్షరం అబద్ధం లేదు. లోపలికి వెళ్లి, కడుపు పట్టుకుని నవ్వుతూ పొయ్యి వెలిగించింది.

కడలి అచ్చియ్యమ్మ, డెబ్బై ఒక్క ఏళ్లు, ప్రస్తుతం రావులపాలెంలో మా చిన్నమ్మాయి దగ్గర.